రెండో సగంలోనే మా జట్టు ఎందుకు పుంజుకుంటోంది? ముందు నాలుగు క్వార్టర్లూ విడదీసి చూడండి

అడిగింది శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్. ఇంటర్ కాలేజీ మ్యాచ్‌లలో దాదాపు ప్రతిసారీ హాఫ్‌టైమ్‌కి 8 నుంచి 12 పాయింట్లు వెనకబడుతున్నారు. తర్వాత పుంజుకుంటున్నారు. కొన్ని గెలుస్తున్నారు, కొన్ని 2, 3 పాయింట్లలో పోతున్నాయి. "హాఫ్‌టైమ్‌లో మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు గట్టిగా కేకలేస్తారు, అందువల్లేనా? మొదటి నుంచీ అలాగే ఆడాలంటే ఏం చెయ్యాలి?" అన్నది ప్రశ్న.

కేకల వల్ల కాదు తమ్ముడూ. కేకలు మహా అయితే మూడో క్వార్టర్ మొదటి రెండు నిమిషాల పరుగు పెంచుతాయి, ఆ తర్వాత పిల్లలు మళ్లీ తమ తీరుకే వచ్చేస్తారు. అలాగని హాఫ్‌టైమ్‌లో ఏమీ జరగదనీ కాదు. ఆ 15 నిమిషాల్లో ఒకేసారి చాలా మారతాయి: మీరు వేసే రింగు మారుతుంది, ఎండ మారుతుంది, బెంచీకి మీ ఆటకి మధ్య దూరం మారుతుంది, అలసట మారుతుంది, ఎత్తుగడ మారుతుంది. ఇందులో మీకు కలిసొస్తున్నది ఏదో తేల్చకుండా వైద్యం మొదలెడితే లాభం లేదు. మీరు రాసింది చదివితే నాకు కలిగిన అనుమానం ఒకటుంది: మీ రెండో సగం గొప్పగా ఏమీ లేదు, మొదటి సగమే బాగోలేదు. దాన్ని కాగితం మీద తేల్చుకోవచ్చు.

ఈ సీజన్లో ఆడిన మ్యాచ్‌ల స్కోర్‌షీట్లన్నీ తెప్పించండి, ఫొటోలైనా సరే. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతిలో రాసిన షీట్ అయితే మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర ఇంకుతో, రెండో, నాలుగో క్వార్టర్లు నీలం లేదా నల్ల ఇంకుతో ఉంటాయి, విడదీయడం తేలిక. ఒక్కో క్వార్టర్‌కి మీ పాయింట్లలోంచి వాళ్ల పాయింట్లు తీసెయ్యండి. కనీసం 6 మ్యాచ్‌లు ఉండాలి. రెండు మ్యాచ్‌లు చూసి ఏదీ చెప్పలేం.

ఇప్పుడు ఆ నాలుగు అంకెల వరస చూడండి. మొదటి క్వార్టర్‌లో బాగా వెనకబడి, రెండోదానిలోనే సమానంగా ఆడుతూ, మూడులో కూడా అలాగే ఉంటే, హాఫ్‌టైమ్‌కి దీనితో సంబంధం లేదు. మీరు వార్మప్ సరిగ్గా చెయ్యకుండా కోర్టులోకి దిగుతున్నారు. మొదటి క్వార్టరే మీకు వార్మప్ అయిపోతోంది. ఒకటి, రెండు రెండూ పాడై, మూడులో ఒక్కసారిగా లేస్తే అది ఎత్తుగడో, రింగో, ఎండో. మూడు కూడా మామూలుగానే ఉండి నాలుగులో మాత్రమే దగ్గరికొస్తుంటే ఎదుటివాళ్లు అలసిపోతున్నారన్నమాట, లేదా ఆధిక్యం ఉంది కదా అని మొదటి అయిదుగుర్ని కూర్చోబెడుతున్నారు. ఈ చివరిది చాలా జట్లని మోసం చేస్తుంది. 15 పాయింట్లు ముందున్న జట్టు బెంచీ మీద ఉన్నవాళ్లని దింపితే, ఆ 6 నిమిషాల్లో మీరు తగ్గించిన 9 పాయింట్లని మీ బలంగా లెక్కేసుకోకూడదు. షీట్ మీద ఏ నంబర్లవాళ్లు వేశారో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఇంకో జాగ్రత్త. మూడు పాయింట్ల షాట్లు 30 శాతం వేసే జట్టు ఒక సగంలో 12 ప్రయత్నించి ఒక్కటే వెయ్యడం అరుదేమీ కాదు. తర్వాతి 12లో 4 పడితే అందరికీ పుంజుకున్నట్టు కనిపిస్తుంది. అసలు వాళ్లు వాళ్ల సగటుకి తిరిగొచ్చారు, అంతే. అందుకే పాయింట్ల కన్నా బంతి దక్కిన ప్రతిసారీ ఏం చేశారో లెక్కెయ్యడం మేలు. బెంచీ మీద ఒక పిల్లాడికి నోట్‌బుక్ ఇచ్చి నాలుగు రాయించండి: ప్రయత్నించిన షాట్లు (పడినవీ తప్పినవీ, ఫ్రీత్రోలు కాకుండా), అఫెన్సివ్ రీబౌండ్లు (మన షాట్ తప్పాక మళ్లీ మనమే పట్టిన బంతులు), టర్నోవర్లు (షాట్ వెయ్యకుండానే పోగొట్టుకున్న బంతులు), ప్రయత్నించిన ఫ్రీత్రోలు (ఫౌలుకి దక్కే షాట్లు). షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు కలిపి, ఫ్రీత్రోలని 0.44తో గుణించి అది కూడా కలిపితే, ఎన్నిసార్లు దాడికి వెళ్లారో సుమారుగా వస్తుంది.

ఉదాహరణకి మొదటి సగంలో 34 షాట్లు, 6 అఫెన్సివ్ రీబౌండ్లు, 13 టర్నోవర్లు, 8 ఫ్రీత్రోలు, మొత్తం 28 పాయింట్లు అనుకోండి. 34 లోంచి 6 పోతే 28, దానికి 13 కలిపితే 41, ఫ్రీత్రోల వాటా 3.5. అంటే 44.5 దాడులు. దాడికి 0.63 పాయింట్లు. రెండో సగంలో 32 షాట్లు, 7 అఫెన్సివ్ రీబౌండ్లు, 7 టర్నోవర్లు, 14 ఫ్రీత్రోలు, 38 పాయింట్లు అయితే 38 దాడులే, కానీ దాడికి 1 పాయింటు. షాట్ల సంఖ్య ఇంచుమించు అంతే. మారింది టర్నోవర్లు దాదాపు సగానికి తగ్గడం, రింగు దగ్గరికి వెళ్లి ఫ్రీత్రోలు తెచ్చుకోవడం. మీ లెక్క ఇలా వస్తే మీ మెరుగుదల నిజమైనది. టర్నోవర్లూ ఫ్రీత్రోలూ మారకుండా షాట్లు మాత్రమే ఎక్కువ పడి ఉంటే, వచ్చే మ్యాచ్‌లో దాని మీద ఆశ పెట్టుకోకండి.

కొద్దిగా వెనకబడి ఉండడమే కసి పుట్టిస్తుందని కొందరంటారు. 2011లో జోనా బెర్గర్, డెవిన్ పోప్ అనే ఇద్దరు పరిశోధకులు 18 వేలకి పైగా ఎన్‌బీఏ మ్యాచ్‌లు పరిశీలించి, హాఫ్‌టైమ్‌కి ఒక్క పాయింటు వెనక ఉన్న జట్లు ఒక్క పాయింటు ముందున్న జట్ల కన్నా ఎక్కువసార్లు గెలిచాయని చూపించారు. కానీ అది ఒకటి రెండు పాయింట్ల తేడా గురించిన మాట. 10 పాయింట్లు వెనకబడితే కసి ఎంతున్నా ఓడే అవకాశమే ఎక్కువ. కాబట్టి వెనకబడడాన్ని అలవాటు చేసుకోవద్దు.

ఇక రింగు సంగతి. దీన్ని మన వైపు ఎవరూ పట్టించుకోరు, కానీ ఆరుబయట సిమెంటు కోర్టుల్లో ఆడేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. హాఫ్‌టైమ్ తర్వాత రెండు జట్లూ వైపులు మార్చుకుంటాయి. ఒక రింగు కొత్తది, ఇంకోటి వెల్డింగ్ చేసి బిగించింది. ఒక బోర్డు గట్టిది, ఇంకోటి అదిరేది. ఒకటి సరిగ్గా 3.05 మీటర్ల ఎత్తులో ఉంటే, రెండోది పిల్లలు వేలాడి వేలాడి ముందుకి వంగిపోయి ఉంటుంది. మ్యాచ్ ముందు టేపుతో రెండు రింగుల ఎత్తూ కొలవండి, ముందు అంచు దగ్గర ఒకసారి, బోర్డు వైపు అంచు దగ్గర ఒకసారి. తర్వాత బంతిని రింగు మీదకి వదిలి చూడండి. బిగిసిన రింగు మీద బంతి దూరంగా ఎగురుతుంది. అటు వైపు 45 డిగ్రీల కోణం నుంచి బోర్డుకి కొట్టి వేసే షాట్లు నేరుగా వేసేవాటి కన్నా నయం. రీబౌండుకి కూడా ఒక అడుగు వెనక నిలబడాలి.

ఎండ కూడా అంతే. కోర్టు ఉత్తర దక్షిణాలుగా వెయ్యాలి. స్థలం చూసుకుని తూర్పు పడమరలుగా వేసిన కోర్టులూ ఉంటాయి. నవంబరులో మనకి సాయంత్రం 5:20 ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. 4 గంటలకి మొదలైన మ్యాచ్‌లో రెండో సగం వచ్చేసరికి సూర్యుడు పడమటి రింగు పక్కనే, సరిగ్గా కంటి ఎత్తులో ఉంటాడు. అప్పుడు పడమటి రింగుకి వెయ్యాల్సింది ఎదుటి జట్టయితే వాళ్ల షాట్లు తప్పుతాయి, మీరు డిఫెన్స్ బాగా ఆడామనుకుంటారు. మీ నాలుగంకెల కాగితం మీద ప్రతి మ్యాచ్ పక్కనా కోర్టు పేరు, టైము, ఏ వైపు వేశారో రాసుకోండి. బెంచీ, రింగు వైపులు షెడ్యూల్లో ముందున్న పేరుని బట్టి వస్తాయి గానీ, రెండు జట్లూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని నియమాల్లోనే ఉంది.

బెంచీ దూరం ఇంకో కారణం. ఫీబా పద్ధతిలో మొదటి సగంలో మీ బెంచీ ముందున్నది మీరు కాపాడే రింగు. దాడి అంతా అవతలి కొసలో జరుగుతుంది, 28 మీటర్ల కోర్టులో పీడీ గారి మాట అక్కడికి అందదు. రెండో సగంలో దాడి బెంచీ ముందుకొస్తుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో ప్రతిసారీ ఆయన చెప్పగలుగుతారు. కుర్రవాళ్ల జట్లలో దీని ప్రభావం చాలా ఎక్కువ. మీది ఇదే అయితే మందు తేలిక: మూడు ఆటలకి మూడు చేతి సైగలు పెట్టుకోండి, బంతి తెచ్చే పాయింట్ గార్డు సగం గీత దాటకముందే సైగ చూపించాలి. రెండో సగంలో దీనికి తలకిందులుగా డిఫెన్స్ దూరమవుతుంది. అప్పుడు స్క్రీన్ (మన డిఫెండర్ దారికి ఎదుటివాడు అడ్డంగా నిలబడడం) ఎటు వస్తోందో అరవాల్సింది వెనక నిలబడే సెంటర్. మాట్లాడని సెంటర్ ఎంత ఎత్తున్నా సగమే పనికొస్తాడు.

ఎత్తుగడల్లో మన కాలేజీ జట్లకి తరచుగా అడ్డుపడేది 2-3 జోన్, అంటే ఎదుటివాళ్లు ముందు ఇద్దరు, వెనక ముగ్గురుగా నిలబడి తలా ఒక చోటు కాపాడే డిఫెన్స్. మొదటి సగంలో ఏం జరుగుతుందంటే, ముగ్గురు బయట గీత చుట్టూ బంతి తిప్పుతూ ఉంటారు, షాట్ వెయ్యడానికి ఇచ్చే 24 సెకన్లలో 18 అయిపోతాయి, చివరికి ఎవరో ఒకరు 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత బయట నుంచి బలవంతంగా విసురుతారు. హాఫ్‌టైమ్‌లో సరిచెయ్యాల్సింది ఒకటే. ఫ్రీత్రో గీత దగ్గర ఒకర్ని నిలబెట్టండి, పొడుగైన వాణ్ని కాదు, పాస్ బాగా ఇచ్చేవాణ్ని. ఇంకొకర్ని బోర్డు పక్కన, జోన్ వెనక, ఎండ్ లైన్ దగ్గర నిలబెట్టండి. బంతి ఫ్రీత్రో గీత దగ్గరికి వెళ్లగానే ముందున్న ఇద్దరు డిఫెండర్లు తల వెనక్కి తిప్పుతారు, వెనక వరసలో మధ్యవాడు ముందుకి రాక తప్పదు. ఆ క్షణంలో ఎండ్ లైన్ దగ్గరవాడు ఖాళీ. అతని మీదకి ఇంకొకడు దిగితే ఎదురు మూల ఖాళీ. ఇందులో చెడేది ఎక్కడంటే, మధ్యలో బంతి అందుకున్నవాడు వెంటనే డ్రిబుల్ కొడతాడు, వెనక నుంచి ముందు వరసవాళ్లు చెయ్యి పెట్టి కొట్టేస్తారు. అందుకున్న వెంటనే రింగు వైపు తిరగాలి, బంతి గడ్డం కిందకి దిగకూడదు, డ్రిబుల్ చెయ్యకూడదు. ఈ మూడూ ఫ్రీత్రో గీత దగ్గర నిలబడేవాడికి విడిగా చెప్పండి, జట్టంతటికీ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ 15 నిమిషాలు ఎలా వాడాలో. ముందు నిర్వాహకుల్ని అడగండి, టైము చాలని టోర్నీల్లో దాన్ని 10కి కుదించేస్తారు. మొదటి రెండు మూడు నిమిషాలు పిల్లలతో ఎవరూ మాట్లాడకూడదు. నీడన కూర్చోబెట్టి, తడి తువ్వాలు మెడ మీద, ముంజేతుల మీద వేసి నీళ్లివ్వండి. ఆ టైములో పీడీ గారు, నోట్‌బుక్ పిల్లాడు పక్కన నిలబడి అంకెలు చూసుకోవాలి. తర్వాత నాలుగైదు నిమిషాలు, మూడు మాటలు: డిఫెన్స్‌కి ఒకటి, దాడికి ఒకటి, రీబౌండుకి ఒకటి. నాలుగో మాట చెబితే మొదటిది మర్చిపోతారు. ఫౌళ్లు కూడా అప్పుడే చూడాలి. అయిదో ఫౌలుకి ఆటగాడు బయటికెళ్తాడు. అప్పటికే 3 ఉన్నవాణ్ని ఎదుటివాళ్ల మేటి ఆటగాడికి కాపలా పెట్టకండి. మొదటి సగంలో వాడని టైమౌట్లు రెండో సగానికి రావు, రెండో సగానికి వేరేగా 3 ఉంటాయి. ఇది కూడా మీ పుంజుకోవడంలో భాగమే. వరసగా 6 పాయింట్లు పోతే మొదటి సగంలో ఆపడానికి చేతిలో 2 మాత్రమే ఉన్నాయి, వాటిని దాచుకుని చివరికి వృథా చేసే జట్లు చాలా ఉన్నాయి.

చివరి 4 నిమిషాలు కోర్టు మీదే ఉండాలి. కదలకుండా 15 నిమిషాలు కూర్చుంటే తొడ కండరాల వేడి సుమారు 2 డిగ్రీలు పడిపోతుందని, దానితో పరుగు వేగం తగ్గుతుందని ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన పరీక్షల్లో తేలింది. మన ఉక్కలో కూడా ఇది వర్తిస్తుంది. ఒళ్లు చల్లబరచాలి, కాళ్లు చల్లబడకూడదు. రెండు నిమిషాలు పరుగు, పక్కకి జరిగే డిఫెన్స్ అడుగులు, రెండేసి లేఅప్‌లు (పరుగున రింగు దగ్గరికి వెళ్లి వేసేవి), తలా రెండు ఫ్రీత్రోలు. ఇవి కొత్త రింగుకి వెయ్యాలి. మ్యాచ్ ముందు మీరు వార్మప్ చేసింది మొదటి సగం రింగు మీద, ఈ రింగుని ఇంకా ముట్టుకోలేదు.

తాగడం గురించి. హాఫ్‌టైమ్‌లో 300 నుంచి 500 మి.లీ. చాలు, అదీ గుక్కగుక్కగా. లీటరు ఒకేసారి తాగితే పరిగెత్తేటప్పుడు కడుపులో నీళ్లు ఊగుతాయి. లీటరుకి సరిపడే ఓఆర్ఎస్ పాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలపండి, అర లీటరులో కాదు. పాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా. కొబ్బరి బొండాం మనకి కొదవలేదు గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియమే, కాబట్టి చిటికెడు ఉప్పు వెయ్యండి. తినాలంటే సగం అరటిపండు. పునుగులు, సమోసాలు మ్యాచ్ అయ్యాక. ఎవరికెంత చెమట పోతోందో తెలియాలంటే మ్యాచ్ ముందు, తర్వాత బరువు చూడండి. 60 కిలోల కుర్రాడు 1.2 కిలోలు తగ్గాడంటే 2 శాతం పోయినట్టు, నాలుగో క్వార్టర్‌లో అతని షాట్లు రింగు ముందు అంచుకి తగిలి పడిపోవడానికి ఇది ఒక కారణం.

నొప్పి మాత్రల మాట కూడా చెప్పాలి. హాఫ్‌టైమ్‌లో మోకాలు నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్ర మింగే అలవాటు చాలా చోట్ల ఉంది. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకి దెబ్బ. కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చిన పిల్లలున్న జట్టుకి ఇది ఇంకా గట్టిగా చెప్పాలి, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఏం చేస్తోందో అందరికీ తెలుసు. నొప్పి ఉంటే కూర్చోబెట్టండి, మాత్ర వద్దు.

ఇక మీ అసలు సమస్య మొదటి క్వార్టర్ అని తేలితే. మన జట్లు ఇచ్ఛాపురం నుంచి విజయనగరం వచ్చినా, రాజాం నుంచి ఎచ్చెర్ల వెళ్లినా, బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చుని, దిగి, జెర్సీ వేసుకుని, నాలుగు షాట్లు విసిరి ఆటకి దిగిపోతాయి. మ్యాచ్‌కి 75 నిమిషాల ముందు దిగేలా బయల్దేరండి. చివరి 25 నిమిషాలు వార్మప్: 5 నిమిషాలు మెల్లగా పరుగు, 5 నిమిషాలు కదులుతూ చేసే స్ట్రెచింగ్ (నిలబడి లాగి పట్టుకునేవి ఇప్పుడు వద్దు), 6 నిమిషాలు రెండు వైపుల నుంచీ లేఅప్‌లు, 5 నిమిషాలు మ్యాచ్‌లో మీరు నిజంగా వేసే చోట్ల నుంచి షాట్లు. మిగిలిన 4 నిమిషాలు చాలా ముఖ్యం: సగం కోర్టులో ముగ్గురు దాడి, ఇద్దరు డిఫెన్స్, పూర్తి వేగంతో, ఒంటికి ఒళ్లు తగిలేలా, ఆఖర్న ఒక్కొక్కరూ మూడు స్ప్రింట్లు. ఆట మొదలయ్యేసరికి ఊపిరి ఒకసారి ఎగదన్ని తగ్గి ఉండాలి. వార్మప్ అయ్యాక ఉపన్యాసాలు విని 10 నిమిషాలు నిలబడితే చేసినదంతా వృథా.

బెదురు ఉందా, అలసట ఉందా అన్నది తప్పిన షాట్లు చెబుతాయి. నోట్‌బుక్‌లో ప్రతి తప్పిన షాట్ పక్కనా "పొట్టి", "పొడుగు" అని రాయించండి. మొదటి క్వార్టర్‌లో బంతి రింగు దాటి వెనక అంచుకి తగులుతుంటే అది ఎక్కువగా బెదురు, ఒళ్లు బిగుసుకుని చేతి బలం ఎక్కువైంది. ముందు అంచుకి తగులుతుంటే కాళ్లు ఇంకా లేవలేదు. బెదురైతే మొదటి మూడు దాడులు ముందే నిర్ణయించి పెట్టండి, మూడూ రింగు దగ్గరికి వెళ్లేవే అయ్యుండాలి, బయట నుంచి షాట్ వద్దు. ఒక్క లేఅప్ పడితే అయిదుగురి చేతులూ వదులవుతాయి.

చివరగా ఒక చిన్న విషయం, మూడో క్వార్టర్ మొదలు గురించి. అది జంప్‌బాల్‌తో కాదు, స్కోరర్ల బల్లకి ఎదురుగా మధ్య గీత దగ్గర నుంచి త్రో ఇన్‌తో మొదలవుతుంది. బల్ల మీద, తర్వాతి బంతి ఎవరిదో చూపే బాణం గుర్తు ఎవరి వైపు ఉంటే వాళ్లకి బంతి. వైపులు మారిన సంగతి మర్చిపోయి సొంత రింగులో వేసేసిన సందర్భాలు కాలేజీ ఆటలో జరుగుతూనే ఉంటాయి, ఆ 2 పాయింట్లు ఎదుటి జట్టుకే వెళ్తాయి. కోర్టులోకి దిగేముందు అయిదుగురూ తాము వెయ్యాల్సిన రింగుని చేత్తో చూపించాలి. వచ్చే మూడు మ్యాచ్‌లకి వార్మప్ ఒక్కటే మార్చండి, జోన్ మీద దాడిని తర్వాత పట్టుకోండి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మూడు మ్యాచ్‌ల క్వార్టర్ అంకెలు, బస్సు దిగిన టైము, కోర్టు పేరు ఇక్కడ పెట్టండి, వరస చూసి తర్వాత ఏం మార్చాలో చెప్తాను.